మహారాజశ్రీ వరకట్నం గారికి

మహారాజశ్రీ వరకట్నం గారి దివ్యసముఖానికి, ముప్ఫయ్యేళ్ళు జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరరు నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, ప్రతి పెళ్ళిపందిట్లో కనిపిస్తూనే ఉన్నారు.

పరిణామం పాఠానికి కప్పల్నీ మిడతల్నీ చూపించి పొరపాటు చేశాను. తమర్ని చూపిస్తే ఒక్క పీరియడ్‌లో తేలిపోయేది. మా ముత్తాతల కాలంలో తమరు పెళ్ళికొడుకు మొలలోంచి బయల్దేరి పిల్ల తండ్రి చేతికి చేరేవారు. అప్పటి పేరు కన్యాశుల్కం. విజయనగరం మహారాజావారు లెక్క తీయిస్తే విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళకి 1034 శుల్క వివాహాలు తేలాయి. సంస్కర్తలు వెంటపడ్డారు. తమరు చచ్చారా? నడిచే దిక్కు మార్చారంతే. ఇంగ్లీషు చదువూ సర్కారు జీతమూ వచ్చేసరికి పెళ్ళికొడుక్కి ధర పలికింది.

1958లో ఆంధ్రప్రదేశ్, 1961లో కేంద్రం తమర్ని నిషేధించాయి. మందు కొట్టిన చేలో పురుగు సంగతే మళ్ళీ! చచ్చేది చచ్చింది, చావనిది పిల్లల్ని పెట్టింది. 'కట్నం' అన్న మాట పోయి లాంఛనాలు, ఆడపడుచు లాంఛనం, "మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" మిగిలాయి. అడగకుండా ఇచ్చిన కానుకలకి జాబితా రాసుకుంటే తప్పులేదని చట్టంలో ఒక సందుంది. ఆ సందులో "మేమేం అడగలేదండీ" అనే కొత్త జాతి పుట్టి, దివ్యంగా బతుకుతోంది.

తమరి తలకాయ ఎక్కడుందా అని చాలాకాలం వెతికాను. సంక్లిష్ట వ్యవస్థల గురించి చదివాక తెలిసింది, తల లేనే లేదని. చెదపుట్టకి మేస్త్రీ ఉండడు. పక్క చెద పెట్టిన మట్టిముద్ద వాసన పట్టి తన ముద్దా అక్కడే పెడుతుంది. అలాగే మనిషెత్తు పుట్ట లేస్తుంది. మా వీధిలోనూ అంతే. ఎదురింటి అబ్బాయికి ఎంతొచ్చిందో వాసన పట్టి, మా వాడికి ఇంకో ముద్ద ఎక్కువ వేస్తాం. కూతురికిచ్చింది కొడుకు దగ్గర రాబట్టుకుంటాం. చట్టం పాపం తల కోసం కర్ర ఎత్తుకుని తిరుగుతోంది.

ఒక్క పీడకల గుర్తుచేస్తాను, మన్నించాలి. చైనాలో ఆడపిల్లల పాదాలు విరగ్గట్టే ఆచారం శతాబ్దాలు నడిచింది. రాజాజ్ఞకీ లొంగలేదు. ఒక్కడు మానితే వాడి పిల్లకి పెళ్ళి కాదు మరి. చివరికి జనం సంఘాలు కట్టి, "మా పిల్లకి కట్టం, కట్టిన పిల్లని మా వాడికి చేసుకోం" అని జంట ఒట్లు వేసుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో చాలాచోట్ల ఒక్క తరంలోనే కుప్పకూలింది.

ఇదంతా మా అపార్ట్‌మెంట్ మీటింగులో చెబితే చప్పట్లు కొట్టారు. ఒట్టు కాగితం అందరి చేతులూ తిరిగి, ఖాళీగా నా దగ్గరికే వచ్చింది. నేను పెన్ను వెతుక్కుంటుంటే కాఫీలొచ్చాయి.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: మా చిన్నాడికి సంబంధాలు చూస్తున్నాం. అమెరికాలో ఉద్యోగం. మేమేం అడగటం లేదండీ.