పొగ గదులకు చట్టం కాపలా కాయాలా?

నాలుగు గోడల మధ్య పొగతాగడంపై నిషేధాన్ని కట్టుదిట్టం చేద్దామని ఎక్కడ మాట వచ్చినా మినహాయింపుల చిట్టా వెంటనే సిద్ధమవుతుంది. హోటల్‌లో ఒక గది, విమానాశ్రయంలో ఒక అద్దాల గది, బార్‌లో ఒక అంతస్తు. మొదటి పేజీలో నిషేధం పెట్టి ఆఖరి పేజీల్లో దాన్ని నీరుగార్చే ఈ తంతు ఇక చాలు.

ఆ గదిని ఒకసారి దగ్గర నుంచి చూడండి. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ మనిషి వెంటే బయటికొస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వాసన తగ్గిస్తుందేమో గానీ, కంటికి కనపడని సన్నటి కణాలన్నిటినీ లాగెయ్యలేదు. యాష్‌ట్రేలు ఖాళీ చేయడానికి, గ్లాసులు తీయడానికి లోపలికెళ్లే కుర్రాడి సంగతేమిటి? కాల్చినవాడు పది నిమిషాల్లో లేచిపోతాడు. కుర్రాడు మాత్రం డ్యూటీ దిగేదాకా ఆ గాలే పీల్చాలి. లోపలికి వెళ్లనంటే పని పోతుందన్న భయం. మినహాయింపు అంటే అతని ఊపిరితిత్తులను లెక్కలోంచి తీసేయడమే.

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయని, వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలని తేలి చాలా కాలమైంది. భర్త కాల్చే సిగరెట్ భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుందని జపాన్ పరిశోధకుడు హిరయామా 1981లోనే చూపించారు. ఇంత పొగైతే ప్రమాదం లేదని చెప్పగలిగే హద్దే లేదని 2006లో అమెరికా ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక తేల్చేసింది. పక్కవారి పొగకు ఏటా పది లక్షల మందికి పైగా బలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకేం రుజువు కావాలి?

మినహాయింపు ఇస్తే ఏమవుతుందో స్పెయిన్‌ను చూస్తే చాలు. 2006 చట్టంలో చిన్న బార్లకు నిర్ణయం వాటికే వదిలేశారు. చాలా బార్లు పొగకే తలుపులు తెరిచాయి. చివరికి 2011లో పూర్తి నిషేధం తేక తప్పలేదు. మధ్యలో ఐదేళ్లు సిబ్బంది ఆ పొగ పీల్చారు. నెదర్లాండ్స్‌లో పొగ గదుల మినహాయింపు చెల్లదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004లోనే ఐర్లాండ్ పబ్‌లలో సైతం పొగతాగడాన్ని నిషేధించింది. ఆ తర్వాత అక్కడి బార్ల లోపల గాలి నాణ్యత ఎంతో మెరుగుపడింది.

వ్యాపారం పోతుందని యజమానులు, వ్యక్తిగత స్వేచ్ఛ అని మరికొందరు అంటున్నారు. గుమ్మం దాటి ఆరుబయటికెళ్లి కాల్చుకోవడానికి ఈ నిషేధం అడ్డు కాదు కదా!

అన్నిటికంటే మండిపడాల్సింది ప్రభుత్వాల ద్వంద్వ నీతి మీద. వేరే గదులు, ఫిల్టర్లు పొగ నుంచి కాపాడలేవని 2007లో పొగాకు నియంత్రణ ఒప్పంద దేశాలే ఏకగ్రీవంగా మార్గదర్శకాలు రాసుకున్నాయి. అక్కడ తలూపి, ఇంటికొచ్చి మినహాయింపులు రాస్తారా? ఇవాళ హోటల్‌కు ఇస్తే రేపు కేసినో అడుగుతుంది, ఎల్లుండి ఈ-సిగరెట్ లాంజ్ అడుగుతుంది. ఒకరికి ఇచ్చాక ఇంకొకరికి ఏ మొహంతో కాదంటారు?

చట్టాన్ని పటిష్ఠం చేయాలంటే ముందు ఈ కన్నాలు మూయాలి. కాల్చినవాడితో పాటు కాల్చనిచ్చిన యజమానికీ జరిమానా వేయాలి, మళ్లీ మళ్లీ దొరికితే లైసెన్స్ తీసేయాలి. ఇక పొగ గదులే కావాలని పట్టుబట్టే చట్టసభ సభ్యులకు ఒక్క మాట. ఓటింగ్ హడావిడిలో చేయెత్తి జారుకోవద్దు. ఆ గదిలోకి ఎవరిని పనికి పంపుతున్నారో, వాళ్లు జబ్బుపడితే ఎవరు బాధ్యులో సభలో నిలబడి చెప్పి మరీ ఓటేయండి.