ఆ గౌరవం 2016లో పుట్టలేదు

అమెరికా రెజ్లింగ్ వినోద సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ చెప్పుకునే చరిత్రలో మహిళల రెజ్లింగ్‌కు గౌరవం 2016 ఏప్రిల్ 3న మొదలవుతుంది. దాని అతిపెద్ద వార్షిక ప్రదర్శన రెజిల్‌మేనియా 32లో, సీతాకోకచిలుక బొమ్మ ఉన్న దివాస్ బెల్టును (అప్పటిదాకా మహిళల టైటిల్ అదే) పక్కనపెట్టి కొత్త మహిళా టైటిల్ తెచ్చిన రోజది. మూడేళ్లకు బెకీ లించ్, షార్లెట్ ఫ్లెయిర్, రోండా రౌజీ అదే వేదికపై రాత్రికి ముగింపుగా నిలిచే ప్రధాన పోరు ఆడారు. ఈ కథ అభిమానులందరికీ కంఠతా వచ్చు. కానీ ఇందులో సగం చరిత్ర గల్లంతయింది. ఆ గౌరవాన్ని అంతకు పదేళ్ల ముందు నుంచే పైసా పైసా కూడబెట్టింది షికాగో పక్కన బెర్విన్ అనే చిన్న ఊళ్లోని ఈగిల్స్ క్లబ్ హాల్. అక్కడ నడిచిన స్వతంత్ర సంస్థ పేరు షిమ్మర్.

షిమ్మర్‌ను నడిపిన డేవ్ ప్రజాక్ 2005 నవంబర్ 6న అక్కడ తొలిసారి కెమెరాలు పెట్టారు. బరిలో దిగేదంతా మహిళలే. బెకీ లించ్ షిమ్మర్ తొలి రోజుల్లో రెబెకా నాక్స్ పేరుతో అక్కడే డేజీ హేజ్‌తో తలపడింది. నటాలియా, బేలీ, పేజ్ కూడా పెద్ద తెరకు రాకముందు ఆ బరి తొక్కినవాళ్లే.

ప్రజాక్ చేసిన తెలివైన పని బెల్టు విషయంలో తొందరపడకపోవడం. కొత్త సంస్థలు చాలావరకు మొదటి రోజే బెల్టు చేయించి ఎవరో ఒకరి నడుముకు కట్టేస్తాయి. ఎవరు ఎవరిని ఓడించగలరో ప్రేక్షకుడికి ఇంకా తెలియదు కాబట్టి ఆ బెల్టు ఉత్త అలంకారంగా మిగిలిపోతుంది. షిమ్మర్ ఏడాదిన్నర పైనే ఆగింది. ముందు వైరాలు, పోటీలు, గెలుపోటముల లెక్క తయారయ్యాయి. ఆ తర్వాతే 16 మందితో నాకౌట్ పెట్టింది. అందులో గెలవాలంటే వరుసగా నాలుగు మ్యాచ్‌లు నెగ్గాలి. 2007 జూన్ 2న ఫైనల్లో లేసీని ఓడించి సారా డెల్ రే తొలి ఛాంపియన్ అయింది.

ఇక ఆ బెల్టు ఎన్నిసార్లు చేతులు మారిందో చూడండి. 2007 జూన్ నుంచి 2013 ఏప్రిల్ దాకా దాన్ని ధరించినవాళ్లు అయిదుగురే: డెల్ రే, మిస్‌చిఫ్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మాడిసన్ ఈగిల్స్, చీర్‌లీడర్ మెలిస్సా, ఇంగ్లండ్‌కు చెందిన సరాయా నైట్. మెలిస్సా రెండోసారి కూడా గెలిచింది. మిస్‌చిఫ్ ఒక్కతే 2008 ఏప్రిల్ 26 నుంచి 715 రోజులు నిలబెట్టుకుంది. అదే 2008 జులైలో మొదలైన దివాస్ బెల్టు 2013 ఏప్రిల్ నాటికి 15కు పైగా సార్లు చేతులు మారింది. 2009 అక్టోబర్‌లో జిలియన్ హాల్ దాన్ని గెలిచిన రాత్రే పోగొట్టుకుంది. వారం వారం మారే టైటిల్‌ను ఎవరైనా ఎందుకు కోరుకోవాలి?

షిమ్మర్ ఓపికకు వ్యాపార కారణం కూడా ఉంది. దాని ఆదాయంలో డీవీడీలదే కీలకమైన వాటా. ఒకే రోజు ఒకే హాల్లో రెండు సంపుటాలు (ఒక్కోటి ఒక్కో డీవీడీ), వారాంతంలో నాలుగు దాకా చిత్రీకరించేవారు. ఫలితాలు అదే రాత్రి బయటికి పొక్కేవి, డిస్కు మాత్రం నెలల తర్వాత చేతికందేది. ప్రతి చిత్రీకరణకూ ఛాంపియన్ మారితే కొన్నవాడు చూసేది మాజీ ఛాంపియన్‌ను. పైగా గంటల తరబడి అదే కుర్చీలో కూర్చున్న జనం నాలుగో సంపుటం నాటికి అలసిపోతారు. అందుకే మొదటి మ్యాచ్‌లను చిన్నవిగా ఉంచి, టైటిల్ పోరును చివరన నిలిపి, దానికి నిడివి ఇవ్వాలి. ఒక్కో రెజ్లర్ వారాంతంలో రెండు మూడుసార్లు బరిలో దిగుతుంది కాబట్టి మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింటే మిగతా మ్యాచ్‌ల పట్టికంతా తిరగరాయాల్సిందే. ఛాంపియన్ విదేశీ అయితే విమాన టికెట్ ఖర్చు అదనం. ఇన్ని ఇబ్బందుల మధ్య మాడిసన్ ఈగిల్స్‌కూ సరాయాకూ బెల్టు అప్పగించడం మామూలు నిర్ణయం కాదు.

ఫలితాలు ముందే రాసిపెట్టుకున్న ఆటలో ఛాంపియన్ల జాబితాకు విలువేముంది అంటారు కొందరు. కొన్ని వందల మంది చూసిన దానికి ఇంత ప్రాధాన్యమా అనీ అంటారు. ఫలితం రాసిపెట్టిందే. మెడ మీద పడకుండా వీపు మీద పడటం, పాతిక నిమిషాలు ఊపిరి నిలుపుకోవడం ఎవరూ రాసిపెట్టలేరు. ఎవరిని చూడటానికి జనం మళ్లీ డబ్బు పెడతారన్న ప్రమోటర్ నమ్మకమే ఆ బెల్టు. ఇక జనం సంఖ్య సంగతి: 2012లో డబ్ల్యూడబ్ల్యూఈ తన మహిళా శిక్షకురాలిగా తెచ్చుకున్నది ఎవరినో కాదు, సారా డెల్ రేనే. బెకీ, షార్లెట్, బేలీ రాటుదేలింది ఆమె చేతుల్లోనే. బెర్విన్ హాల్లో పండిన విద్యనే పెద్ద సంస్థ జీతమిచ్చి తెచ్చుకుంది.

ఈ మతిమరుపు రెజ్లింగ్‌కే పరిమితమైతే ఇంత బాధపడనక్కర్లేదు. డబ్బున్న సంస్థ అడుగుపెట్టిన రోజునే ఆడవాళ్ల ఆటకు మొదటి సంవత్సరంగా రాసుకోవడం మన దగ్గరా ఉంది. భారత మహిళా క్రికెట్‌ను 2006లో బీసీసీఐ తన కిందికి తెచ్చుకుంది. అంతకుముందు 1973 నుంచి దాన్ని మోసింది భారత మహిళా క్రికెట్ సంఘం. హైదరాబాద్‌లో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 1999లో తొలి వన్డేలోనే సెంచరీ కొట్టింది ఆ సంఘం హయాంలోనే. 2005లో దక్షిణాఫ్రికాలో జట్టును ప్రపంచకప్ ఫైనల్‌కు నడిపించిందీ అప్పుడే. ఇవాళ మహిళల ప్రీమియర్ లీగ్ వేలం ముచ్చట్లలో ఆ 33 ఏళ్ల ప్రస్తావన ఎంతసేపు వస్తోంది?

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో రియా రిప్లీతో మహిళల ప్రపంచ టైటిల్ కోసం నటాలియా తలపడింది. ఆ రాత్రి కేరింతలు కొట్టిన మన కుర్రకారుకు ఆమె ఒకప్పుడు షిమ్మర్ బరిలో ఆడిందని చెప్పినవాళ్లు లేరు. షిమ్మర్ ఇప్పుడు నడవడం లేదు. దాని సంపుటాలు పాత డిస్కులుగా అభిమానుల అల్మరాల్లో చెదిరి ఉన్నాయి. మూతపడిన ఎన్నో సంస్థల వీడియోలను కొని దాచుకున్న డబ్ల్యూడబ్ల్యూఈ వీటినీ సేకరించాలి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో సారా డెల్ రేను శిక్షకురాలిగా కాదు, షిమ్మర్ తొలి ఛాంపియన్‌గా నిలబెట్టాలి. మిస్‌చిఫ్‌ను ఆమె పక్కనే.