నొప్పి లేని గడ్డను వదిలేయమంటున్న మెసేజ్‌కు ఒక నర్సు జవాబు

మహిళల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ కొంతకాలంగా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రొమ్ములో గడ్డ నొప్పి పెడితేనే క్యాన్సర్, నొప్పి లేకపోతే కొవ్వు గడ్డ, వదిలేయండి. సూది గుచ్చినా ముక్క తీసినా మామూలు గడ్డ కూడా క్యాన్సర్‌గా మారి ఒళ్ళంతా పాకుతుంది. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) రేడియేషన్ వల్లే క్యాన్సర్ వస్తోంది. ఇంట్లో ఎవరికీ లేకపోతే, పిల్లలకు పాలిచ్చి ఉంటే మీకు రాదు. నల్ల బ్రా, డియోడరెంట్ మానేస్తే చాలు. బాలింతకు రొమ్ము వాస్తే ఆ పాలు విషం, బిడ్డకు పట్టకండి. చివర, పది మంది ఆడవాళ్ళకు పంపి పుణ్యం కట్టుకోమని.

నేను సర్జరీ ఓపీలో పనిచేసే నర్సుని. ఈ మెసేజ్‌లో కొన్ని ఉత్త కబుర్లు, వాటివల్ల పెద్ద నష్టం లేదు. మొదటి రెండు మాటలు మాత్రం ప్రాణాలు తీసేవి. అవి నమ్మి ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూస్తున్నాను కాబట్టి వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

“నొప్పి పెడితేనే క్యాన్సర్” అన్నది పూర్తిగా తలకిందుల మాట. రొమ్ము క్యాన్సర్ తొలి దశలో చాలామందికి నొప్పి ఉండదు. స్నానం చేస్తుంటే చేతికి గట్టిగా ఏదో తగులుతుంది, అంతే. జ్వరం ఉండదు, నీరసం ఉండదు, ఇంటి పనీ పొలం పనీ మామూలుగానే సాగిపోతుంటాయి. “నొప్పేం లేదు కదా సిస్టర్, అందుకే రాలేదు” అనే మాట ఓపీలో తరచూ వినిపిస్తుంది. అలా అన్నవాళ్ళలో గడ్డ చేతికి తగిలి ఏడాది దాటినవాళ్ళూ ఉంటారు. 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందనీ, సుమారు 98 వేల మంది దానితో చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా. తొలి దశలో పట్టుకుంటే బాగా లొంగే జబ్బు ఇది. అయినా ఇంతమంది పోవడానికి పెద్ద కారణం, మన దగ్గర చాలామంది మూడో దశలోనో నాలుగో దశలోనో ఆసుపత్రి మెట్లెక్కడం.

మరి నొప్పితో వచ్చేవాళ్ళ సంగతి? వాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. నెలసరికి వారం పది రోజుల ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, సలిపి, నెలసరి మొదలయ్యాక తగ్గిపోతే అది హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల వచ్చేది. సరిగ్గా పట్టి ఉంచే బ్రా, అవసరమైతే పారాసిటమాల్, “ఇది క్యాన్సర్ కాదమ్మా” అనే భరోసా, చాలామందికి ఇవి సరిపోతాయి. ఒకే చోట, నెలసరితో సంబంధం లేకుండా, రోజూ నొప్పి ఉంటే మాత్రం చూపించుకోవాలి. నెలసరి ఆగిపోయాక కొత్తగా మొదలైన నొప్పి కూడా అంతే.

ఇక నొప్పి లేని గడ్డలన్నీ క్యాన్సర్ అనుకుని హడలిపోవాల్సిన పనీ లేదు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు ఆడపిల్లల్లో తరచూ కనిపించేది ఫైబ్రోఎడినోమా. గుండ్రంగా, నున్నగా, రబ్బరులా ఉండి వేలి కింద అందినట్టే అంది జారిపోతుంది. దానికీ నొప్పి ఉండదు. ముప్పై అయిదు, యాభై మధ్య వయసులో నీటి గడ్డలు వస్తాయి. వాటిలో కొన్ని ఒక్కసారిగా ఉబ్బి బాగా నొప్పి పెడతాయి కూడా. అంటే నొప్పి ఉన్నది మంచి గడ్డ కావచ్చు, లేనిది చెడ్డ గడ్డ కావచ్చు, లేనిదే మంచిదీ కావచ్చు. నొప్పిని చూసి గడ్డ రకం తేల్చడం కుదరదు. చేత్తో చూడాలి, స్కానింగ్ తీయాలి, అవసరమైతే ముక్క తీసి ల్యాబ్‌కు పంపాలి. ఈ మూడూ కలిపితేనే లెక్క తేలుతుంది.

చేత్తో చూడటం అంటే ఏమిటో తెలియక సిగ్గుతో, భయంతో వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు కాబట్టి అదీ చెప్తాను. ముందు ప్రశ్నలు అడుగుతాం: వయసెంత, గడ్డ ఎప్పటి నుంచి, పెరుగుతోందా, నెలసరి ఎప్పుడు వచ్చింది, పిల్లలెందరు, పాలిచ్చారా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా. తర్వాత తెర వేసి కూర్చోబెట్టి చూస్తాం. చేతులు కిందికి వదిలేసి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుము మీద పెట్టి గట్టిగా నొక్కి ఒకసారి. చేతులు ఎత్తినప్పుడు చర్మం ఒకచోట గుంటపడినా, ఒక చనుమొన కొత్తగా లోపలికి లాగేసినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా మందమైనా అది చిన్న విషయం కాదు. చనుమొన మీద గజ్జిలా పొక్కు కట్టి పూతమందుకు తగ్గకపోయినా ఊరుకోకూడదు.

ఆ తర్వాత పడుకోబెట్టి, చూసే వైపు చెయ్యి తల కింద పెట్టమని, మధ్య మూడు వేళ్ళ మెత్తటి భాగంతో తడుముతాం. పైపైన, కొంచెం లోతుగా, పక్కటెముకలు తగిలేంత లోతుగా, ప్రతిచోటా మూడు రకాల ఒత్తిడితో. మెడ కింది ఎముక నుంచి రొమ్ము కింది మడత వరకు, ఛాతీ మధ్య ఎముక నుంచి చంక దాకా వరుసలు వరుసలుగా. చంక వైపు పైభాగం దగ్గర ఇంకాస్త నిదానిస్తాం, ఎందుకంటే క్యాన్సర్ గడ్డల్లో దాదాపు సగం అక్కడే వస్తాయి. చంకలోనూ మెడ కింద ఎముక పైనా బిళ్ళలు కట్టాయేమో చూస్తాం. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు మధ్య అయితే రొమ్ము మెత్తగా ఉండి సులువు. కానీ గడ్డ తగిలినవాళ్ళు ఆ రోజుల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు.

చనుమొన నుంచి స్రావం గురించి కూడా చాలామందికి టెన్షన్. రెండు వైపులా, నొక్కితేనే, చాలా రంధ్రాల నుంచి పాలలాగానో పచ్చగానో వస్తే సాధారణంగా ప్రమాదం ఉండదు. వాంతులకు వాడే డోమ్‌పెరిడాన్ లాంటి మందుల వల్ల, థైరాయిడ్ తేడాల వల్ల కూడా పాలు రావచ్చు. నొక్కకుండానే, ఒకే రొమ్ములో ఒకే రంధ్రం నుంచి రక్తం గానీ నీళ్ళలాంటిది గానీ వస్తే వెంటనే రావాలి.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకునేవాళ్ళకు ముంబయి అనుభవం చెప్పాలి. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో అక్కడి మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ళ మహిళలు లక్షన్నర మందితో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. పదో తరగతి వరకు చదివిన మహిళలకు శిక్షణ ఇచ్చి రెండేళ్ళకోసారి రొమ్ము పరీక్ష చేయించారు. ఖరీదైన యంత్రాలేమీ లేవు. 2021లో ఫలితాలు వచ్చాయి: పరీక్ష జరిగిన వాడల్లో జబ్బు ముందు దశలోనే దొరికింది. మరణాలు మొత్తం మీద 15 శాతం తగ్గినట్టు కనిపించినా గణాంకాల ప్రకారం అది రూఢి కాలేదు. యాభై దాటినవాళ్ళలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. ఇది మన దేశంలో, మనలాంటి ఆడవాళ్ళ చేతులతో వచ్చిన ఫలితం.

“సూది గుచ్చితే పాకుతుంది.” ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ముదిరాక వచ్చినవాళ్ళకు ముక్క తీస్తాం, ఆ తర్వాత కొన్ని నెలలకే పరిస్థితి విషమిస్తుంది, ఊళ్ళో వాళ్ళకు ముక్క తీయడమే గుర్తుంటుంది. అప్పటికే జబ్బు కాలేయానికో ఎముకలకో చేరిన సంగతి ఎవరికీ తెలియదు. సూది దారిలో కొన్ని కణాలు కదలవచ్చన్నది నిజమే. దానివల్ల జబ్బు పాకిపోతుందని గానీ, ముక్క తీయించుకున్నవాళ్ళు త్వరగా చనిపోతున్నారని గానీ ఇన్ని దశాబ్దాల అనుభవంలో తేలలేదు. మామూలు గడ్డను సూది క్యాన్సర్‌గా మార్చడమన్నది అసలు జరగదు.

ముక్క తీయకుండా వైద్యం మొదలుపెట్టడమే కష్టం. మత్తు సూది ఇచ్చి, సన్నటి సూదితో బియ్యపు గింజ మందాన ముక్కలు తీస్తారు, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. అది క్యాన్సరా కాదా అన్నదే కాదు, ఏ రకం క్యాన్సర్, హార్మోన్ మాత్రలకు లొంగుతుందా, హెర్-2 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు పనికొస్తాయా అన్నవి కూడా ఆ ముక్కే చెప్పాలి. నిజంగా ప్రమాదకరమైన పని వేరే ఉంది: ఏ పరీక్షా లేకుండా చిన్న క్లినిక్‌లో గడ్డను కోసి తీసేసి, ల్యాబ్‌కు పంపకుండా పారేయడం. అలా చేయించుకున్నవాళ్ళకు తర్వాత ఏ వైద్యం ఇవ్వాలో డాక్టర్లకు కూడా పాలుపోదు. ఎవరైనా గడ్డ తీస్తామంటే “రిపోర్టుకు ఎక్కడికి పంపుతున్నారు?” అని గట్టిగా అడగండి.

మామోగ్రామ్ రేడియేషన్ మాటకు లెక్కతోనే జవాబు. ఏ ఎక్స్‌రే తీయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, తిండి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్ మనిషికి తగులుతుంది. రెండు రొమ్ములకూ తీసే మామోగ్రామ్‌లో సుమారు 0.4. అంటే రెండు నెలలు మామూలుగా బతికితే తగిలేంత. మామోగ్రామ్‌కు లోపాలు లేవని నేననను. లేని జబ్బు ఉన్నట్టు కనిపించి అనవసరమైన ఆందోళన పెట్టవచ్చు, ఉన్నది తప్పిపోవచ్చు కూడా. వయసులో ఉన్నవాళ్ళ రొమ్ము దట్టంగా ఉండటంతో సరిగా కనిపించదు, అందుకే నలభై లోపు వాళ్ళకు సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా చేతికి గడ్డ తగులుతూనే ఉంటే పరీక్షలు అక్కడితో ఆపకూడదు.

“ఇంట్లో ఎవరికీ లేకపోతే రాదు” అన్నది కూడా తప్పే. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. మిగతావాళ్ళకు ఇంట్లో తొలి రోగి వాళ్ళే. పాలివ్వడం వల్ల రక్షణ ఉన్న మాట నిజం. 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి చూసి 2002లో చెప్పిన లెక్క ప్రకారం, మొత్తం మీద పన్నెండు నెలలు పాలిస్తే ముప్పు నాలుగు శాతం పైచిలుకు తగ్గుతుంది. మంచిదే, కానీ తగ్గడం వేరు, రాకపోవడం వేరు. ముగ్గురు పిల్లలకు పాలిచ్చిన తల్లులూ మా వార్డులో ఉంటారు. మగవాళ్ళకూ వస్తుంది, నూటికి ఒక కేసు లోపు. మీ ఆయనకో నాన్నకో చనుమొన కింద గట్టిగా గడ్డ కనిపిస్తే సిగ్గుపడి దాచుకోనివ్వకండి.

బ్రా, డియోడరెంట్ మాటలకు ఎక్కువ సమయం పెట్టను. అమెరికాలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు డియోడరెంట్ల మీద 2002లో, బ్రా మీద 2014లో అధ్యయనాలు చేశారు. సంబంధం కనిపించలేదు. రంగు ఏదైనా వేసుకోండి.

చివరి మాట మాత్రం నాకు చాలా కోపం తెప్పించింది. రొమ్ము వాచి, ఎర్రబడి, చలి జ్వరంతో వణుకుతున్న బాలింతకు “నీ పాలు విషం” అని చెప్పడం ఎంత అన్యాయం! ఆ పాలు బిడ్డకు హాని చెయ్యవు. పట్టడం ఒక్కసారిగా ఆపేస్తే పాలు నిలిచి, గట్టిపడి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. బిడ్డ అడిగినప్పుడల్లా రెండు వైపులా పట్టండి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, చల్లటి గుడ్డ వేసుకోండి. పెద్దవాళ్ళు నూనె రాసి గట్టిగా పిసుకుతారు, అది వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది. ఒక రోజులో తగ్గుముఖం పట్టకపోతే డాక్టర్ యాంటీబయాటిక్ ఇస్తారు, అది వాడుతూ కూడా పాలివ్వవచ్చు. చీము పడితే స్కానింగ్‌లో చూస్తూ సూదితో తీస్తారు. బిడ్డ నోరు పెట్టే చోటే పుండు ఉంటే ఆ వైపు పాలు పిండి తీసేసి రెండో వైపు పట్టాలి. హెచ్‌ఐవీ ఉన్న తల్లులు మాత్రం వాచిన వైపు పట్టకుండా వెంటనే డాక్టర్ సలహా తీసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాక కూడా ఎరుపు, వాపు తగ్గకపోతే మందులు మార్చుకుంటూ నెలలు గడపకూడదు. వాపు రూపంలో వచ్చే క్యాన్సర్ ఒకటి ఉంది, చూడటానికి అచ్చం పాలగడ్డలాగే ఉంటుంది. మన దేశంలో రొమ్ముకు టీబీ కూడా వస్తుంది. స్కానింగ్, ముక్క పరీక్ష, చీము పరీక్ష చేయమని అడగండి.

గడ్డ తగిలినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? ముప్పై దాటిన మహిళలకు ఐదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, ఆకారం మారిందా అని ప్రశ్నలుంటాయి. మొహమాటపడి “లేదు” అని చెప్పకండి. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం చూసి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రాస్తారు. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్సకు వీలుంది. వెళ్ళేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత స్కానింగ్ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్ళండి. గడ్డ మొదట ఎప్పుడు తగిలిందో తేదీ రాసుకుని ఉంటే అదీ చెప్పండి. మొదటిసారి చూసిన రోజు నుంచి 60 రోజుల లోపల జబ్బు ఏమిటో తేలిపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన కార్యక్రమంలో లక్ష్యంగా పెట్టింది. రెండు నెలలు దాటినా మీ రిపోర్టు తేలకపోతే ఓపీలో నర్సుని పట్టుకుని అడగండి.