రొయ్యల చెరువుకి గూఢచారి యాంటెన్నా

భీమవరం చుట్టుపక్కల చెరువులకి గూఢచర్యం ఒక్కటే తక్కువైంది. అదీ వచ్చేసింది. చెరువు కబురు రేడియోలో మోయడానికి గట్టు మీద పాతిన కర్రకి జానెడు పలక, దాని మీద వరసగా నాలుగు యాంటెన్నాలు. పిలిచినవాడి వైపు తనంతట తానే తిరుగుతుందట, అమ్మేవాళ్ల మాట. తిరగదు లెండి, కదిలే ముక్క ఒక్కటీ లేదు. రేడియో పిలుపు ఎటునుంచి వస్తే జవాబు అటే పోతుంది, పక్కవాడి చెవిన పెద్దగా పడదు. పరమ రహస్యం!

సూత్రం పాతదే, వాన్ ఆటా అనే ఆయన పేటెంటు 1959 నాటిది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 6.25 ఎడంతో నాలుగూ పెట్టి, ఒకటిని నాలుగుతో, రెండుని మూడుతో సమానమైన కేబుళ్లతో కలపాలి. మామూలు కేబుల్లో ఆ తరంగం ఎనిమిది పైచిలుకుకి కుంచించుకుపోతుంది. కాబట్టి కత్తిరించేవాడు రెండు జతల మధ్య నాలుగు సెంటీమీటర్లు తేడా చేశాడా, రెండిటి తరంగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, పిలిచినవాడికే వినపడదు. రహస్యం అంటే అదీ.

ఇంతకీ ఎవరి దగ్గర దాస్తున్నట్టు? మేత ఎన్ని బస్తాలు దిగిందో ఆటోవాడికి తెలుసు. చెక్‌ట్రేలో ఎంత మిగిలిందో కాపలావాడికి తెలుసు. వలేసి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, చూసిన అరగంటకి టీకొట్టు దగ్గర, "ఏం బాబాయ్, యాభైకి రాలేదంట కదా!" అని పరామర్శ. రొయ్యలు కొనే ఏజెంటుకి ఫోన్ చేయబోతే వాడే ఎదురు చేస్తాడు. పైగా ఈ పలక పిలిస్తే పలికే దేవుడు. మీరు పిలిచినా, ఆ ఏజెంటు పిలిచినా ఒకే భక్తితో బదులిస్తుంది. అడిగినవాడెవడో తేల్చే తాళం లోపలి ప్రోగ్రాంలో వేయాలి, యాంటెన్నాకి ఆ వివేకం ఉండదు.

సరే, ఇంత గుట్టుగా మోసేది ఏ మాట? డీవో అంకె, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతో. అది కొలిచే ప్రోబ్‌ని, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ నురగ పక్కన, మూరెడు లోతులో కట్టేసి బిల్లు చేతిలో పెట్టి పోతారు. బుద్ధుందా? రొయ్య ఉండేది అడుగున! రాత్రంతా నాచు కూడా ఊపిరి పీలుస్తుంది, తెల్లవారుజామున ఆ అడుగే ముందు ఖాళీ అవుతుంది, ఆక్సిజన్ లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కంటే కిందికి దిగితే రొయ్యకి గండం మొదలు. ప్రోబ్ మూతికి జిగురు పడితే అంకె తప్పుతుందనీ, మెత్తటి గుడ్డతో తుడవాలనీ రైతుకి చెప్పిన పాపాన పోరు. అప్పు తెచ్చి వేసిన పంటరా అది!

రొయ్యలు మూలల్లో తేలుతుంటాయి. తెర మీద ఆరు. ఆ ఆరు మాత్రం పరాయివాడి చెవిన పడకుండా భద్రంగా చేరుతుంది.