ఓడినవాడికి దక్కిన పాట: హంగేరీ రాక్ ఒపెరా, మన అళియ రామరాయలు

జాతర రాత్రుల్లో కురుక్షేత్రం నాటకం చూస్తూ పెరిగిన అనంతపురం జిల్లావాళ్లకు ఒక సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. కథలో గెలిచేది కృష్ణుడి పక్షమే అయినా వన్స్ మోర్లు దుర్యోధనుడికేమీ తక్కువ పడవు. తాడిపత్రి దగ్గర మా ఊళ్లో వెదురు గడకు వేలాడదీసిన మైకు ముందు నిలబడి, గద భుజాన వేసుకొని, హార్మోనిస్టు వైపు ఓరగా చూసి శ్రుతి అందుకొని దుర్యోధన పాత్రధారి పద్యం ఎత్తుకుంటే, చివరి పాదం మీద ఆయన తీసే రాగం పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు లేచి పది రూపాయల నోటును పిన్నీసుతో ఆయన అంగీకి గుచ్చేవారు. తెల్లవారుజామున ఆ దుర్యోధనుడు తొడలు విరిగి పడిపోతే చప్పట్లు కొట్టిందీ ఆ నోటు గుచ్చినవారే. ఒక్క ముక్క అర్థం కాని హంగేరియన్ భాషలో ఉన్న రాక్ ఒపెరా (కథంతా రాక్ పాటల్లోనే నడిచే సంగీత నాటకం) ఒకటి వింటున్నప్పుడు నాకు పదేపదే గుర్తొచ్చింది ఆ పిన్నీసే.

ఆ రాక్ ఒపెరా పేరుకు ‘ఇష్ట్వాన్ రాజు’ అని అర్థం. లెవెంటె సోరెన్యి సంగీతం, యానోష్ బ్రోడి సాహిత్యం సమకూర్చారు. 1983 ఆగస్టు 18న బుడాపెస్ట్ నగర ఉద్యానంలోని ఒక గుట్ట మీద, ఆరుబయట తొలిసారి ప్రదర్శించారు. ఆ గుట్టకు ఆ తరువాత రాజు గుట్ట అన్న పేరే స్థిరపడింది. అదే ఏడాది రెండు ఎల్పీ రికార్డుల ఆల్బమ్‌గా ఇంటింటికీ చేరింది. కథ సుమారు వెయ్యేళ్ల కిందటిది. 997లో హంగేరియన్ల అధిపతి గేజా చనిపోయాడు. పెద్ద కొడుకుకే పట్టం అన్న క్రైస్తవ రాజ్యాల పద్ధతి ప్రకారం అధికారం ఇష్ట్వాన్‌కు రావాలి; వంశంలో వయసులో పెద్దవాడికే పెత్తనం, చనిపోయినవాడి భార్య కూడా అతనికే అన్న పాత తెగ ఆచారం ప్రకారం కొప్పాన్‌కు రావాలి. జర్మన్ యోధుల సాయంతో ఇష్ట్వాన్ గెలిచాడు. కొప్పాన్ శవాన్ని నాలుగు ముక్కలు చేయించి నాలుగు కోటలకు పంపారు. పోపు పంపిన కిరీటంతో పట్టాభిషిక్తుడైన ఇష్ట్వాన్ 1038లో మరణించాడు, 1083లో చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. ఆయన పేరిట వచ్చే ఆగస్టు 20 ఇప్పటికీ ఆ దేశానికి జాతీయ పండుగ.

ఇంతవరకే అయితే పాఠ్యపుస్తకం సరిపోతుంది. ఈ ఆల్బమ్ గొప్పతనం ఏ పక్షానికి ఏ సంగీతం ఇచ్చారన్న దానిలో ఉంది. ఇష్ట్వాన్ వైపు చర్చి బృందగానం పద్ధతి, మృదువైన బాణీలు వినిపిస్తాయి. ఆ పాత్రకు మిక్లోష్ వర్గా తేటగా, పైస్థాయిలో పాడాడు. కొప్పాన్‌కు మాత్రం హెవీ మెటల్ బృందాల్లో పేరు పడ్డ ద్యూలా వికిదాల్ గొంతు, దాని వెనుక బరువైన గిటారు ఇచ్చారు. పాత మతపు పూజారి టోర్డా పాత్రను బ్లూస్ గాయకుడు ద్యూలా డేయాక్ బిల్‌కు అప్పగించారు. కొప్పాన్ కూతురు రేకా పాటను మార్తా షెబెష్ట్యేన్ అచ్చమైన జానపద గొంతుతో పాడింది. భాష రాని నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వింటుంటే, పాత్రల జాబితా తిరగేయకుండానే ఎవరు ఎటువైపో తెలిసిపోయింది. రంగస్థలం మీదైతే కిరీటం, గడ్డం, కత్తి చూసి పోల్చుకుంటాం. ఆల్బమ్‌కు ఆ ఆసరా లేదు కాబట్టి పాత్ర స్వభావమంతా గొంతులోనూ బాణీలోనూ పలకాల్సిందే. పాత్రలన్నీ ఒకే గాయకుడి ఫక్కీలో పాడే మన భక్తి క్యాసెట్లు విన్న చెవికి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

గెలిచినవాడి పేరే ఆల్బమ్ పేరు. ఒళ్లు జలదరించే పాటలేమో ఓడినవాడివి. 1983 నాటి శ్రోతలకు ఇది ఊరికే కుదిరిన అమరిక అనిపించలేదు. అప్పటికి హంగేరీని ఏలుతున్న యానోష్ కాదార్ 1956 తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేశాక గద్దెనెక్కినవాడు. ఆ తిరుగుబాటు కాలపు ప్రధాని ఇమ్రె నాజ్‌ను 1958లో ఉరితీశారు. బయటి సైన్యం అండతో రాజ్యాన్ని నిలబెట్టినవాడిలో కాదార్‌ను, తలవంచక నశించినవాడిలో నాజ్‌ను చాలామంది చూసుకున్నారు. ప్రభుత్వం మాత్రం ఇది రాజ్యాన్ని నిర్మించిన దార్శనికుడి కథ అనుకొని సరిపెట్టుకునే వీలూ ఉంది. ఒకే పాటను ఇద్దరూ తమదేనని వినగలగడం కపటం కాదు, కళలో దొరికే అరుదైన వెసులుబాటు. ఈ ఎత్తుగడకు అంతకుముందే ఒక దారి ఉంది. 1970లో ముందు ఆల్బమ్‌గా, మరుసటి ఏడాది బ్రాడ్వే నాటకంగా వచ్చిన ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’లో కథను ఎత్తుకునే పాట యేసును పట్టించిన యూదాకే ఇచ్చారు.

ఇదంతా మనకు కొత్తదా? తెలుగు నాటకంలో పాటకూ పద్యానికీ పెద్దపీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ జిల్లావాడే. సుఖాంతం తప్పనిసరి అనుకునే కాలంలో ఆయన విషాదాంత నాటకం రాశాడు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ విజయనగర పతనం మీద వచ్చిన ‘రామరాజు చరిత్ర’లో వేసిన పఠాన్ రుస్తుం వేషం గురించే జనం తరాలపాటు చెప్పుకున్నారు. కథ రామరాజుది, కీర్తి పఠానుది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక సమాజం తొలి ప్రదర్శన కూడా ‘కీచక వధ’మే. ఎదుటి పక్షానికి మంచి పద్యం ఇవ్వడం మన రంగస్థలానికి చేతనైన విద్య. చరిత్ర పురుషుల దగ్గరికి వచ్చేసరికే ఆ చేయి వణుకుతోంది. ఉత్సవ వేదికల మీద వచ్చే చారిత్రక నృత్యరూపకాల్లో శ్రీకృష్ణదేవరాయలు ప్రవేశిస్తాడు, అష్టదిగ్గజాలు పొగుడుతారు, కళింగం ఓడిపోతుంది, హారతి ఇస్తారు. అక్కడ పాడేది ఒక్కరే, తక్కినవారంతా వంతపాడతారు.

అందుకే రాయలసీమలో ఎవరైనా ఇలాంటి ఆల్బమ్ తలపెడితే, కృష్ణరాయలను పక్కనపెట్టి ఆయన అల్లుడి కథ ఎత్తుకోవాలని నా వాదన. అళియ రామరాయల జీవితంలో తగవు లేని ఘట్టం లేదు. తొలి రోజుల్లో గోల్కొండ సుల్తాను కొలువులో పనిచేశాడు. సింహాసనం ఆక్రమించిన సలకం తిరుమలతో పోరాడి, గుత్తి కోటలో బందీగా ఉన్న సదాశివరాయలను విడిపించి రాజుగా ప్రకటించాడు. ఆ పోరు బేతంచెర్ల, ఆదోనిల మీదుగా తుంగభద్ర ఒడ్డుదాకా సాగింది. తరువాత ఆ విడిపించిన రాజునే కాపలాలో ఉంచి పాలన అంతా తన గుప్పిట పట్టాడు. సదాశివుణ్ణి ఏడాదికొకసారి మాత్రమే జనానికి చూపించేవారని 1567లో విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. బీజాపూరు అలీ ఆదిల్‌షాను రామరాయలు కొడుకుగా ఆదరించాడు. 1565 జనవరి 23న రక్కసి-తంగడి దగ్గర తనపై దండెత్తిన సుల్తానుల కూటమిలో ఆ కొడుకూ ఉన్నాడు. వృద్ధాప్యంలో పల్లకిలో కూర్చొని యుద్ధం నడిపిన రామరాయలు పట్టుబడ్డాడు, తల తెగింది. తమ్ముడు తిరుమల రాజధానిని పెనుకొండకు తరలించాడు.

ఇందులో ఎవరు ఇష్ట్వాన్, ఎవరు కొప్పాన్ అన్నది తేలదు. అదే దీని బలం. రామరాయల సైన్యంలో ముస్లిం సర్దారులు చాలామంది ఉన్నారు కాబట్టి, సుల్తానులందరికీ ఒకే అరబ్బీ వరస, విజయనగరానికి వేదఘోష అంటగట్టే సినిమా సంగీతపు సోమరితనం ఇక్కడ చెల్లదు. నాకైతే రామరాయలకు అనంతపురం ఉరుముల దరువు వినిపిస్తోంది. ఆ తోలు మీద పుల్ల రాపిడితో లేచే మూలుగు బేస్ గిటారు పక్కన నిలబడితే, అధికారపు ఆకలి ఎలా ఉంటుందో మాటలు లేకుండానే తెలుస్తుంది. సైనికులకు చెక్కభజన అడుగు చాలు. ఆదిల్‌షా పాటకు, రామరాయలు మొదటి అంకంలో పాడిన బాణీనే తిరగేసి ఇవ్వాలి. తండ్రిగా తలచినవాడి మీదికి ఆ కొడుకు ఆ తండ్రి పాటతోనే రావాలి.

ఒక భయం లేకపోలేదు. రెండు పక్షాలకూ చోటిచ్చిన హంగేరీ ఒపెరాను కూడా, కమ్యూనిస్టు పాలన ముగిసిన 1989 తరువాత, జాతీయవాదం తన జెండా కిందికి తెచ్చుకుంది. రక్కసి-తంగడి పేరు చెబితే ఇక్కడ ఏ నినాదాలు లేస్తాయో ఊహించడం కష్టం కాదు. నినాదం రేగుతుందని తగవు లేని కథ ఎంచుకుంటే మాత్రం మళ్లీ హారతి దగ్గరికే చేరతాం.

కట్టడానికి కష్టమైన పాట సదాశివరాయలదే. ఏడాదికి ఒక్క రోజు బయటికి తెచ్చి నిలబెట్టిన రాజు తన జనం ముందు ఏం పాడతాడు? ఎలక్ట్రిక్ గిటార్లన్నీ ఆపేసి, ఒక్క హార్మోనియం శ్రుతి మాత్రం పట్టి ఉంచి, కందపద్యంలో మూడు పాదాలు అతనిచేత పాడించాలి. నాలుగో పాదం ఎత్తుకునేలోపు ఉరుములు మొదలు కావాలి.