పన్ను వేయాల్సింది చక్కెర మీద

విశాఖ బీచ్ రోడ్డులో దాహం వేసినవాడి జేబులో ఇరవై రూపాయలుంటే ఏం వస్తుందో చూడండి. లీటరు నీళ్ల సీసా ఒకటి వస్తుంది, లేదంటే పది రూపాయల కూల్‌డ్రింక్ బుడ్డీలు రెండొస్తాయి. కొబ్బరి బొండాం ఆ డబ్బుకు రాదు, ఇంకో ఇరవై కలపాలి. సముద్రం పక్కనే ఉన్న ఊరు, చుట్టూ కొబ్బరి తోటలు, అయినా మన పిల్లలకు అన్నిటికంటే సులువుగా దొరికేది చక్కెర నీళ్లే. ధరలు ఇలా ఉన్నంతకాలం బడిలో ఎన్ని పోస్టర్లు అంటించినా, ఇంట్లో అమ్మానాన్నలు ఎంత మొత్తుకున్నా ఆ చెయ్యి బుడ్డీ మీదకే పోతుంది. అందుకే జంక్ ఫుడ్ మీద, తీపి పానీయాల మీద పన్ను ఉండాలన్న వాదన వైపే మేము నిలబడుతున్నాం. అయితే ఇప్పుడు మన దేశంలో వేస్తున్న తీరు తప్పు. దాన్ని మార్చాలి.

ముందు ఆ బుడ్డీని ఓసారి చేతిలోకి తీసుకుని వెనక చీటీ చదవండి. అక్షరాలు చీమ కాళ్లంత ఉంటాయి, ఓపిగ్గా చదవాలి. మామూలు కోలాలో వంద మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 200 మిల్లీలీటర్ల బుడ్డీలో 21 గ్రాములు, ఇంట్లో టీకి వాడే చెంచాతో కొలిస్తే నాలుగు నుంచి ఐదు చెంచాలు. రోజు మొత్తానికి పైనుంచి వేసుకునే చక్కెర 20 నుంచి 25 గ్రాములు దాటకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. పొద్దున పాలల్లో వేసింది, మధ్యాహ్నం తిన్న బిస్కెట్లు, సాయంత్రం టీ, ఇవేవీ లెక్కలోకి రాకుండానే ఆ ఒక్క బుడ్డీతో పిల్లాడి కోటా అయిపోయింది. ఘనపదార్థం తిన్నప్పుడు కడుపు నిండినట్టు అనిపిస్తుంది కాబట్టి తర్వాత కాస్త తక్కువ తింటాం. తాగిన చక్కెరకు ఆ కళ్లెం సరిగా పడదు, ఆ తర్వాత అన్నం ఎప్పట్లాగే తినేస్తాం. అందుకే డాక్టర్లు తీపి పానీయాల గురించి అంతగా పట్టుబడతారు.

పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి మన రాష్ట్రం లెక్కలు చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు పైగా ఆడవాళ్లు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం సగటు 24 శాతం. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. మన పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీ దగ్గర పొద్దున్నే చీటీలు పట్టుకుని నిలబడేవాళ్లను చూసినవాళ్లెవరికీ ఈ అంకెలు కొత్తగా అనిపించవు.

ఇక పన్ను సంగతి. కూల్‌డ్రింకుల మీద మన దగ్గర పన్ను లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉంది, అదీ గట్టిగానే ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 28 శాతం పన్ను, దాని మీద 12 శాతం సెస్సు పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి శ్లాబులు మార్చినప్పుడు ఆ రెండూ కలిపి 40 శాతం అన్నారు. ఇప్పుడున్న శ్లాబుల్లో ఇదే పై మెట్టు. పది రూపాయల బుడ్డీలో రెండు రూపాయలకు పైగా పన్నే అన్నమాట. మరి ఇంత పన్ను ఉండి కూడా ఎందుకు పనిచేయడం లేదు?

ఎందుకంటే అది గ్యాస్ మీద, రంగు రుచి కలిపిన నీళ్ల మీద పడుతోంది కానీ చక్కెర మీద పడటం లేదు. వంద మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాములున్న కోలాకూ 40 శాతమే, నాలుగు గ్రాములతో చేసినదానికీ 40 శాతమే, అసలు చక్కెర లేనిదానికీ 40 శాతమే. అలాంటప్పుడు చక్కెర తగ్గించాలని ఏ కంపెనీకి మాత్రం అనిపిస్తుంది? అదే కొట్లో, అదే ఫ్రిజ్‌లో, పక్క అరలో ఉండే మామిడి రసం డ్రింకు సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. దానిలోనూ చక్కెర దాదాపు కోలాతో సమానంగా ఉంటుంది, కానీ గ్యాస్ లేదు కాబట్టి, పండు గుజ్జు కొంత ఉంది కాబట్టి దాని మీద పన్నును ఆ సెప్టెంబరు 22నే 12 శాతం నుంచి 5 శాతానికి దించారు. పండ్ల రసం కదా, మంచిదే కదా అని తల్లులు స్కూలు బ్యాగులో పెట్టి పంపేది ఆ డబ్బానే. అదే రోజున చాక్లెట్లు, బిస్కెట్లు, ఐస్‌క్రీములు 18 నుంచి 5కి వచ్చాయి. ప్యాకెట్లలో అమ్మే మిక్చర్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్ కూడా 5కే వచ్చాయి. పండగ ముందు జనానికి ఊరట అన్నారు. సబ్బుకు, టూత్‌పేస్టుకు, నెయ్యికి తగ్గించినందుకు మేమూ సంతోషించాం. కానీ ఊరట ఇచ్చే జాబితాలో పిల్లల చేత రోజూ తినిపించే ఉప్పు, చక్కెర, నూనె ప్యాకెట్లను కలిపేయడం సరైన పని కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన పన్ను ధరలో శాతంగా ఉంటుంది. సరుకు చవకైతే పన్నూ తగ్గుతుంది. కంపెనీలు పోటీపడి చిన్న బుడ్డీని పది రూపాయలకే దించగానే దాని మీద పన్ను కూడా దానితోపాటే దిగిపోయింది, లోపల చక్కెర మాత్రం అలాగే ఉంది.

బ్రిటన్ వాళ్లు దీన్ని ఎలా చేశారో చూడటం మనకు పనికొస్తుంది. 2016 మార్చిలో ప్రకటించి 2018 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. మొదట్లో పెట్టిన రేట్లు ఇవి: వంద మిల్లీలీటర్లకు 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు, 5 నుంచి 8 లోపు ఉంటే లీటరుకు 18 పెన్నీలు, 8 గానీ ఆపైన గానీ ఉంటే 24 పెన్నీలు. మధ్యలో రెండేళ్లు గడువిచ్చారు కదా, ఆ గడువులోనే కంపెనీలు తమ పానీయాల తయారీని మార్చేసుకున్నాయి. పన్ను వర్తించే పానీయాల్లో సగటు చక్కెర 2015 నుంచి 2020 లోపు 40 శాతానికి పైగా తగ్గింది. తాగేవాడు అలవాటు మానుకోకపోయినా లోపలికి వెళ్లే చక్కెర తగ్గింది. ఆ తర్వాత పదీ పదకొండేళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, పన్ను లేకపోతే ఉండేదనుకున్న అంచనాతో పోలిస్తే 8 శాతం తక్కువగా ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2023లో లెక్కగట్టారు. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. పన్ను మందు కాదు, వేసిన మర్నాడే నడుములు సన్నబడవు. కానీ ఏ పోస్టరూ ఏ ఉపన్యాసమూ ఈపాటి ఫలితం ఇచ్చిన దాఖలా మాకు కనిపించలేదు.

కాబట్టి మేము అడిగేది కొత్త పన్ను కూడా కాదు. జీఎస్టీలో ఇప్పుడున్న 5, 18, 40 శ్లాబులనే చక్కెర గ్రాములకు కట్టండి. వంద మిల్లీలీటర్లకు 8 గ్రాములు గానీ ఆపైన గానీ ఉంటే 40 శాతం, ఆ లోపు 5 గ్రాముల దాకా ఉంటే 18 శాతం, ఇంకా తక్కువైతే 5 శాతం. గ్యాస్ ఉందా, పండు గుజ్జు ఉందా, సీసానా, డబ్బానా అన్న ప్రశ్నే వద్దు. చక్కెర బదులు కృత్రిమ తీపి వేసినవాటిని మాత్రం 18లోనే ఉంచాలి, ఎందుకంటే బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది, పిల్లలకు వాటిని చవక చేసి అలవాటు చేయడం మంచిది కాదు. ఈ పద్ధతిలో చక్కెర తగ్గించిన కంపెనీ బాగుపడుతుంది, తగ్గించనిది పన్ను కడుతుంది.

పేదవాడి మీద భారం వేస్తారా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కిరాణా కొట్టు నడుపుకునేవాళ్లూ ఇదే అడుగుతున్నారు, గాజువాకలోనో కంచరపాలెంలోనో చిన్న కొట్లో రోజువారీ అమ్మకంలో ఈ కూల్‌డ్రింకుల, చిరుతిండి ప్యాకెట్ల వాటా తక్కువేం కాదు. కానీ ఆ ఐదు రూపాయల ప్యాకెట్ ఎవరి కోసం తయారైంది? ఏసీ మాల్‌కు వెళ్లేవాడి కోసం కాదు కదా. కూలికి వెళ్లే తల్లి పిల్లాడి చేతిలో పెట్టే ఐదు రూపాయల కోసమే అది తయారైంది. పాడేరు, అరకు వైపు వారపు సంతల్లో కూడా ఇప్పుడు ఆ ప్యాకెట్ల సరాలు వేలాడుతుంటాయి, చోడి (రాగి) అంబలి తాగి పెరిగిన ఇళ్లలోకి అవి వెళ్తున్నాయి. మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఒక ఇంట్లోనే తల్లికి అధిక బరువు, బిడ్డకు ఎదుగుదల లేకపోవడం రెండూ ఉండొచ్చు, ఎందుకంటే కడుపు నింపి ఒంటికి పట్టని తిండి ఆ రెండింటికీ దారి తీస్తుంది. షుగర్ వస్తే జీవితాంతం మందులు, కాలి పుండ్లు, డయాలసిస్, పోయిన కూలి, ఇవన్నీ ఎవరి నెత్తిన పడతాయో మనకు తెలుసు. మెక్సికోలో 2014లో లీటరుకు ఒక పెసో పన్ను వేస్తే, మొదటి ఏడాది పానీయాల కొనుగోళ్లు ఎక్కువగా తగ్గింది పేద కుటుంబాల్లోనే. అంటే మేలు కూడా మొదట అక్కడికే చేరింది.

మరి బజ్జీల బండి, ముంత మసాలా, జంతికలు? వాటి మాటేమిటి అంటే, వాటిని జీఎస్టీతో పట్టుకోలేం, పట్టుకోవాల్సిన అవసరమూ లేదు. బజ్జీల బండికి సినిమా హీరో ప్రకటన చేయడు, క్రికెట్ మ్యాచ్ మధ్యలో దాని పాట రాదు. అక్కడ చూడాల్సింది నూనె. కాగిందాన్నే మళ్లీ మళ్లీ కాచి వాడకుండా, అలా కాచినప్పుడు నూనెలో పెరిగే పోలార్ కాంపౌండ్లనే పదార్థాలకు 25 శాతం పరిమితి 2018 నుంచే ఉంది. తనిఖీ చేయాలి, అంతే.

పన్ను పొరపాటుగా వేస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. డెన్మార్క్ 2011 అక్టోబరులో కొవ్వు మీద పన్ను వేసింది. వెన్న, చీజ్ లాంటి రోజువారీ సరుకుల మీద కూడా పడేసరికి జనం సరిహద్దు దాటి జర్మనీలో కొనుక్కొచ్చారు, ఏడాది దాటగానే ఎత్తేశారు. కేరళ 2016లో బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం వేసింది, అదీ పేరున్న రెస్టారెంట్లలో అమ్మేవాటికే. ఏడాదికే జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. రాష్ట్రాలు ఇప్పుడు విడిగా అలా చేయలేవు, ఏం చేసినా జీఎస్టీ కౌన్సిల్ బల్ల మీదే చేయాలి. ఆ బల్ల దగ్గర ఆంధ్రప్రదేశ్‌కు కుర్చీ ఉంది. మన ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు ఈ ప్రతిపాదనను అక్కడ పెట్టాలని మేము కోరుతున్నాం.

ప్యాకెట్ తిండి విషయంలో పన్నుకు ముందు ఇంకో పని మిగిలి ఉంది. ఏది ఎక్కువ ఉప్పు, ఏది ఎక్కువ కొవ్వు అన్నది ప్యాకెట్ ముందువైపు కనిపించేలా ముద్ర వేయాలి. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022లో ముసాయిదా తెచ్చింది, మంచి సరుకులా చూపించే స్టార్లా, లేక చిలీ 2016 నుంచి వేయిస్తున్నట్టు నల్లటి హెచ్చరిక గుర్తులా అన్న వాదనలోనే కాలం గడిచిపోయింది. మేము హెచ్చరిక గుర్తు వైపే. చదువురాని అమ్మమ్మ కూడా నల్ల గుర్తు చూసి అర్థం చేసుకోగలదు. ఆ గుర్తు పడ్డ ప్రతిదాన్నీ 5 శాతం నుంచి తీసేసి 18లో పెడితే సరిపోతుంది.

వచ్చే డబ్బు గురించి కూడా మాట్లాడుకోవాలి. జీఎస్టీలో సగం రాష్ట్ర ఖజానాకే చేరుతుంది. విశాఖలో అమ్ముడయ్యే ప్రతి కూల్‌డ్రింకు మీదా రాష్ట్రానికి వాటా వస్తోంది. ఆ వాటాను విడిగా చూపించి బడుల్లో ఇచ్చే రాగిజావకు, గుడ్డుకు, శుభ్రమైన తాగునీటికి పెట్టండి. రైతుబజార్లలో పండ్లకు చోటు పెంచండి. పన్ను ఎటు పోయిందో కనిపిస్తే కట్టేవాడు అంతగా గొణగడు.

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలమంది యోగాసనాలు వేసిన ఊరు మనది. ఆ వేదిక మీదే ప్రధాని ఊబకాయం గురించి, వంట నూనె పది శాతం తగ్గించడం గురించి మాట్లాడారు. మూడు నెలలు తిరిగేసరికి చిప్స్, చాక్లెట్ల మీద పన్ను తగ్గింది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని ఢిల్లీకి గుర్తుచేయాల్సిన బాధ్యత ఈ ఊరికి ఉంది.

ఢిల్లీ కదిలేదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు అమ్మకూడదని, ప్రకటనలు పెట్టకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. అమలు చేయాల్సింది రాష్ట్ర ఆహార భద్రతా అధికారులు. ఎంవీపీ కాలనీలో గానీ, మద్దిలపాలెంలో గానీ, మధురవాడలో గానీ సాయంత్రం బడి వదిలే వేళకు ఏదో ఒక గేటు ముందు నిలబడితే అది అమలవుతోందో లేదో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కొట్లు మూయించమని మేము అనడం లేదు, అక్కడున్న చిన్న వ్యాపారికి ఏవి అమ్మవచ్చో ఏవి అమ్మకూడదో జాబితా ఇచ్చి, పల్లీలు, జామకాయలు, అరటిపళ్లు, మజ్జిగ పెట్టుకోవడానికి కొంత గడువు, కొంత సాయం ఇవ్వమంటున్నాం. నగర పాలక సంస్థ జీవీఎంసీ, జిల్లా యంత్రాంగం, విద్యాశాఖ కలిసి కూర్చుంటే జూన్‌లో బడులు తెరిచేలోపే ఆ 50 మీటర్లు కొలిచి గీత గీయొచ్చు.