ఆ వెయ్యి వాట్ల మెసేజ్ ఇంకెవరూ నాకు పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మేనల్లుడు, తర్వాత పాత ఆఫీసు గ్రూపు, అదే గ్రూపులో మళ్లీ ఇంకొకాయన (పైకి స్క్రోల్ చేసే ఓపిక లేదు కాబోలు), నిన్న రాత్రి మా బాబాయి. "తక్కువ ఖర్చులో అదిరిపోయే కంప్యూటర్ స్పీకర్లు: ఆరు సూత్రాలు" అని మొదలై, మధ్యలో నిప్పు బొమ్మలు, చివర దండాలు పెట్టి "పది మందికీ పంపండి" అంటుంది. పంపుతూనే ఉన్నారు. బాబాయి అయితే అది నమ్మి ఒక జత కొనేశాడు కూడా. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

"వాట్లు ఎంత ఎక్కువుంటే సౌండ్ అంత బాగుంటుంది. కనీసం 1000 వాట్లు చూసి కొనండి."

అసలు జబ్బంతా ఇక్కడే ఉంది. అట్టపెట్టె మీద ఆ వెయ్యి పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ అని చెప్పుకునే అంకె) అని ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చూడండి. దాన్ని ఇలా కొలవాలి అనే ప్రమాణమేదీ లేదు. తయారుచేసినవాడికి ఏ అంకె ముద్దొస్తే అది అచ్చేస్తాడు. చూడాల్సింది ఆర్ఎంఎస్ అంకె, అంటే ఆగకుండా నిలకడగా ఇవ్వగల వాట్లు.

బాబాయి కొన్న జతను వెనక్కి తిప్పి చూశాను. గోడకి పెట్టే ప్లగ్గే లేదు. ఒక యూఎస్‌బీ తీగ, ఒక ఆడియో పిన్ను, అంతే. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టులు, 0.5 ఆంపియర్. హెచ్చవేయండి: 2.5 వాట్లు. 3.0 పోర్టయితే 0.9 ఆంపియర్, అంటే 4.5 వాట్లు. అందులో కొంత ఆంప్లిఫయర్ వేడికే పోతుంది. రెండున్నర లోపలికెళ్లి వెయ్యి బయటికొస్తున్నాయంటే, దాని మీద పాటలు వినడమెందుకు? వీధి దీపాలు వెలిగించుకోవచ్చు.

పోనీ, వాట్లు నిజమైనవే అనుకుందాం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు (శబ్దం గట్టితనానికి కొలత అది). చెవికి "కాస్త పెరిగిందిలే" అనిపిస్తుంది, అంతే. రెండింతలు గట్టిగా వినపడాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. 85 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కి ఒక్కటంటే ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెళ్లు పలుకుతుంది. పక్కన మనిషి గొంతు పెంచితే గానీ వినపడనంత మోత అది. బల్ల ముందు కూర్చున్న మీరు ఆ మీటరు దూరం కూడా ఉండరు. ఇంకా వెయ్యి ఎవరి కోసం?

"2.0 కన్నా 2.1, 2.1 కన్నా 5.1 మేలు."

2.0 అంటే రెండు స్పీకర్లు, 2.1 అంటే వాటికి తోడు లోతు శబ్దాల కోసం ఒక వూఫర్, 5.1 అంటే అయిదు స్పీకర్లూ ఒక వూఫర్. మీరు వినే పాటల్లో చాలావరకు రెండు ఛానెళ్లవే, అంటే ఎడమకొకటి, కుడికొకటి. 5.1లో వెనక స్పీకర్లు వినేవాడి వెనక పక్కల్లో ఉండాలి. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ అవి మానిటర్ పక్కనే, అన్నదమ్ముల్లా వరసగా నిలబడి ఉంటాయి. అదే డబ్బుని రెండు డబ్బాల మీద పెడితే ఒక తీరు, ఆరు ముక్కలు చేసి పంచితే ఇంకో తీరు. చవక 2.1 సెట్లలో వూఫర్ అంటారా, తబలా అయినా డోలు అయినా తలుపు కొట్టడమైనా దానికి ఒకటే: ధుమ్.

"బంగారు పూత పిన్ను ఉందో లేదో చూడండి."

బంగారం తుప్పు పట్టదు, లాభం అంతే. కరెంటు మోయడంలో రాగే దానికన్నా మెరుగు. తర్వాతిది.

"కొన్నాక వంద గంటలు ఫుల్ సౌండులో మోగిస్తే స్పీకర్ మెత్తబడుతుంది."

స్పీకర్ సంగతేమో గానీ పక్కింటివాళ్లు గట్టిపడతారు.

"సౌండ్ చాలకపోతే వీఎల్‌సీలో వంద శాతం దాటించండి."

దయచేసి వద్దు. డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. తగ్గించి రికార్డు చేసినదైతే పరవాలేదు గానీ, ఇప్పటి పాటలు చాలావరకు ఆ కప్పుకి ఆనుకునే ఉంటాయి. ఇంకా పైకి తోస్తే తరంగం తల చదునుగా తెగిపోతుంది. పల్లవి అందుకోగానే గాయని గొంతులో గాజుపెంకులు పడ్డట్టు వినపడేది అదే. స్పీకర్ పాడైందని దాన్ని తిట్టుకుంటారు, పాపం.

ఇక "బరువుగా ఉన్నదే కొనండి" అనే సూత్రం ఒకటి మిగిలింది. దీన్నే అన్నిటికన్నా ఎక్కువ వెక్కిరిద్దామనుకున్నాను. తీరా ఇంట్లో ఉన్న రెండు జతల్నీ వేలి కణుపుతో తట్టి చూశాను. ఎండీఎఫ్ చెక్క డబ్బా "టక్" అని ఊరుకుంది. తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా కాసేపు మోగుతూనే ఉంది, పాటలోనూ అదే మోత. మందమైన డబ్బా, పెద్ద అయస్కాంతం ఉంటే బరువు రాక తప్పదు. కాబట్టి ఒప్పుకుంటున్నా, ఈ ఒక్కదాంట్లో విషయముంది. అట్టపెట్టె మీది అంకెకన్నా తూకమే నిజం చెప్పేలా ఉంది.

బాబాయి జత తిరిగిచ్చే వీల్లేదట. సరే, ఎలా పెట్టాడో చూద్దామని వెళ్లాను. ఒకటి మానిటర్ వెనక, ఒకటి గోడ మూల, రెండూ ఆయన చొక్కా గుండీలకి కచేరీ చేస్తున్నాయి. రెంటినీ ముందుకి జరిపి, తలకీ వాటికీ సమాన దూరాలు వచ్చేలా త్రికోణంగా పెట్టాను. కింద చెరో లావుపాటి పుస్తకం, ముందు అంచు కింద మడిచిన అట్టముక్క. ఇప్పుడవి చెవుల వైపు చూస్తున్నాయి. క్రియేటివ్ పెబుల్ లాంటి చిన్న స్పీకర్లను 45 డిగ్రీలు పైకి వంచి తయారుచేసేది ఇందుకే. వయొలిన్ పాట పెట్టాం. మూలనుంచి వచ్చే ఆ గుయ్‌మనే రొద పోయింది. వయొలిన్ మానిటర్ నడిమధ్య నిలబడి వినపడింది.

బాబాయి కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు. తర్వాత నా భుజం తట్టి, "చూశావురా, వెయ్యి వాట్లంటే మాటలా!" అన్నాడు.